చెరువును గెలుచుకున్న వార్డు

మా తోటికోడలు స్నేహలతను నేను నోరారా మెచ్చుకునే రోజొకటి వస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఆ మనిషిని దుకాణం మెట్లు ఎక్కనిచ్చేదాన్ని కాదు. ఆమె సర్కారు బడిలో సోషల్ టీచరు. నేను గాజుల దుకాణం నడుపుతాను. ఒకే ఇంటికి కోడళ్లమై వచ్చి, ఒకే వంటింట్లో ఇన్నేళ్లుగా గరిటెలు తిప్పుతున్నాం. ఆమెకు ఏది కనిపించినా ఇంకోదానితో పోల్చి చూడందే నిద్రపట్టదు. కరీంనగర్ పెద్దదా, ఖమ్మం పెద్దదా? ఈ ఎండలు ఎక్కువా, పోయినేటి ఎండలు ఎక్కువా? అన్నం తింటూ కూడా ఇదే గోల. "చారు ఎట్లున్నది?" అని అడిగితే "నిన్నటిదాని కంటె నయం అక్కా" అంటుంది. మనిషికి కడుపు మండదా మరి?

మా ఇల్లు వరంగల్‌లో తుమ్మలగడ్డ మొదట్లోనే ఉంటుంది. ముందు దుకాణం, వెనక మేము. మా గోడ దాటితే గడ్డ మొదలవుతుంది. నర్సంపేట దిక్కు నుంచి, వర్ధన్నపేట దిక్కు నుంచి పనికోసం వచ్చినవాళ్లు గది పక్కన గది వేసుకుంటూ పోయారు. నేలమీద చోటు అయిపోయాక గది మీద గది వేశారు. ఒకింట్లో పోపు పెడితే మూడో ఇంట్లో తుమ్ముతారు. ఒకరింట్లో మంచం బయటికి తేవాలంటే ఎదురింటావిడ వాకిట్లోంచి లేచి నిలబడాలి. అలా లేచి నిలబడటంలో ఎవరికీ విసుగుండదు. నేనైతే విసుక్కుంటాను, అది వేరే సంగతి. గడ్డకు ఆ చివర తుమ్మల చెరువు, చెరువు కింద కొంత వరిపొలం. చెరువుకు అవతల ఒడ్డున సాయికృష్ణ కాలనీ. అక్కడన్నీ అపార్ట్‌మెంట్లు, కార్లు, కుక్కలకు కూడా స్వెట్టర్లు.

గడ్డమీద అందరికీ పెద్దదిక్కు బక్కమ్మవ్వ. మార్కెట్లో పత్తి ఏరే పనిచేసి కొడుకును, కూతురిని సాకింది. మనిషి పేరుకు తగ్గట్టే బక్కపల్చన, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. బతుకమ్మ ఆడేటప్పుడు ఆమె ఒక చరణం ఎత్తుకుందంటే ఆ గొంతు అవతలి ఒడ్డు అపార్ట్‌మెంట్లలో నాలుగో అంతస్తు దాకా పోతుంది. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆమె కాలు గురించి. ఆ కాలుకూ మా చెరువుకూ సంబంధమేమిటో తెలియాలంటే కొన్నేళ్లు వెనక్కి పోవాలి.

అప్పుడు నగరంలో వార్డుల గీతలు కొత్తగా గీశారు. మొదటి పటంలో తుమ్మల చెరువును కాలనీవాళ్ల వార్డులో వేశారు. కాలనీ సంఘం అప్పటికే చెరువు చుట్టూ రెయిలింగ్ పెట్టాలని, వాకింగ్ బాట వెయ్యాలని, గేటు పెట్టి సాయంత్రం తాళం వెయ్యాలని ఆలోచన చేసిందట. ఈ మాట గడ్డమీదికి రాగానే ఆడవాళ్లకు గుండెల్లో రాయి పడింది. బతుకమ్మ ఆడాక సాగనంపేది ఆ చెరువులోనే. పొద్దుపోయేదాకా ఆడితే గేటుకు తాళం పడుతుంది కదా.

"చెరువు మనది గాకపోతే బతుకమ్మను బకెట్ల ఏస్తమా?" అంది బక్కమ్మవ్వ.

అంతే. కాలం కాని కాలంలో, తంగేడు లేదు, గునుగు లేదు, దొరికిన బంతిపూలతోనే బతుకమ్మలు పేర్చి, కార్పొరేషన్ ఆఫీసు ముందర రోడ్డుమీద గుండ్రంగా తిరుగుతూ ఆడాం. నేను కూడా దుకాణం మూసి పోయాను. స్నేహలత రాత్రంతా కూర్చుని చెరువు పటం గీసింది. గడ్డనుంచి చెరువుకు ఎంత దూరం, కాలనీనుంచి ఎంత దూరం, ఎవరి ఆడవాళ్లు దేనికి వాడుతున్నారు, అన్నీ రంగులు వేసి చూపించింది. చివరికి గీత జరిగింది. చెరువు మొత్తం, దాని కింది పొలంతో సహా, మా వార్డులోకి వచ్చింది. ఆ రోజు గడ్డమీద పండగ. బక్కమ్మవ్వను ముందు నడిపించుకుంటూ కట్టమీదికి పోయాం. నేను ఆ సంతోషంలో వచ్చినవాళ్లందరికీ తలా ఒక జత గాజులు తొడిగి, ఇంటికొచ్చాక మా ఆయన సుదర్శన్ ముఖం చూడలేక వంటింట్లో దూరాను.

అదీ మేం గెలిచిన చెరువు. ఇక కాలు సంగతి.

బక్కమ్మవ్వకు షుగరు. పోయిన చలికాలంలో కాలికి చెప్పు కరిచింది. చిన్న పుండే అనుకుంది. అది మానలేదు. పెద్ద దవాఖానలో డాక్టరు చూసి, రోజు విడిచి రోజు కట్టు మార్పించుకోవాలని, నిర్లక్ష్యం చేస్తే వేలుతో మొదలై పాదం దాకా తియ్యాల్సి వస్తుందని చెప్పాడు. చెప్పడం సులువే. గడ్డ సందుల్లోకి ఆటో రాదు. మెయిన్ రోడ్డుదాకా కుంటుతూ నడవాలి, ఆటో ఎక్కాలి, అక్కడ లైన్లో నిలబడాలి. కొడుకు కూలికి పోయినా ఇల్లు గడవదు, పోకపోతే అసలే గడవదు. వెంట ఎవరు పోతారు? రెండు కట్లకు ఒకటి మార్పించుకునేది. మిగతా రోజుల్లో పసుపు పెట్టి పాత చీర గుడ్డ చుట్టుకునేది.

"ఏం గాదు బిడ్డా, నా ఒంటికి పసుపు పడ్తది" అనేది.

"నీ ఒంటికి కాదవ్వా, నీ మొండితనానికి పడ్తది" అని నేను అరిచేదాన్ని. నాకు భయమేస్తే అరవడం అలవాటు.

అలాంటప్పుడు బస్తీ దవాఖాన మాట వినిపించింది. మా దిక్కు వార్డుల్లో ఒకదానికి కొత్తగా ఇస్తారట. ఒక డాక్టరు, ఒక నర్సు, మందులు, కట్లు, అన్నీ ఇంటి దగ్గరే. గడ్డమీద కమ్యూనిటీ హాలు ఖాళీగానే ఉంది. అది మాకే వస్తుందని ఎవరికీ అనుమానం లేదు. ఇంతమంది జనం ఇంకెక్కడున్నారు? మగవాళ్లు ఒక ఆదివారం కూర్చుని హాలుకు సున్నం కొట్టారు. ఆడవాళ్లు కడిగి ముగ్గు పెట్టారు. బక్కమ్మవ్వ గుమ్మం దగ్గర కూర్చుని "డాక్టరు బల్ల గీడ పెట్టాలె, గాలొస్తది" అని చోటు కూడా చూపించింది.

కానీ ఆఫీసులో దవాఖాన కాలనీ వార్డుకు ఇవ్వాలని రాసుకున్నారు. కారణం ఏమిటని మా ఆయన పోయి అడిగితే, మా వార్డులో జనసాంద్రత తక్కువ అన్నారట.

నేను నాలుగు గాజులు విరగ్గొట్టాను. కావాలని కాదు, డబ్బా కిందపడింది. కానీ కిందపడేంత గట్టిగా పెట్టింది నేనే. తుమ్మలగడ్డలో జనం తక్కువా? ఈ ముక్క రాసినవాడిని తెచ్చి, పొద్దున మా నల్లా దగ్గర ఒక్క బిందె నింపుకోమనాలి!

ఆ సాయంత్రం స్నేహలత బడినుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే తన పాత పటం తీసి నేలమీద పరిచి కూర్చుంది. టీ ఇస్తే తాగలేదు. చాలాసేపటికి తలెత్తి చూసింది.

"అక్కా, వాళ్లు లెక్క తప్పు జెయ్యలే" అంది.

"ఏమంటాన్నవ్? నువ్వు గూడ వాళ్ల దిక్కేనా?"

"జర ఇను. నీకు గాజుల లెక్కల జెప్తా. డజను గాజులు చిన్న డబ్బల పెడితె ఎట్లుంటయ్?"

"కిక్కిరిసి ఉంటయ్."

"గదే డజను పెద్ద అట్టపెట్టెల ఏస్తె?"

"అటు ఇటు దొర్లుతయ్, చప్పుడు జేస్తయ్."

"చూసెటోనికి గాజులు తక్కువ ఉన్నట్టు గనపడ్తయ్. అవునా? మన వార్డు పెద్ద అట్టపెట్టె అయింది అక్కా. మనం నాలుగో వంతు జాగల ఉన్నం. మిగిలిన మూడు వంతులు చెరువు, పొలం. వాళ్లు మొత్తం వార్డు మీద మనల్ని పరిచిండ్రు. చదరపు కిలోమీటరుకు నాలుగు వేలు వచ్చింది. కాలనీది చీర కొంగంత వార్డు, చెరువు లేదు, చెలక లేదు. వాళ్లకు పదకొండు వేలు వచ్చింది."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక కూర్చోవాల్సి వచ్చింది. మేం రోడ్డుమీద ఆడి, పాడి, గొంతులు పోయేలా అరిచి గెలుచుకున్నది మా నెత్తిమీద పడింది. ఆ గీతను అవతలి ఒడ్డుదాకా జరిపింది మేమే. ఆ రోజు నోరు మూసుకుని ఇంట్లో కూర్చుని ఉంటే ఈ రోజు బక్కమ్మవ్వ కాలికి కట్టు గడ్డమీదే పడేది.

"పటం గీసింది నువ్వే గదనే!" అన్నాను. అనకూడని మాటే. కానీ నోరు నాది.

"అవునక్కా, నేనే" అంది స్నేహలత. ఎదురు మాట్లాడలేదు. దానికే నాకు ఎక్కువ బాధ వేసింది. ఆమె పోట్లాడితే బాగుండు, నేను ఇంకో నాలుగు అని తేలికపడేదాన్ని.

మర్నాడు ఆమె చేసిన పని నేను చెయ్యగలిగేదాన్ని కాదు. నేరుగా బక్కమ్మవ్వ ఇంటికి పోయి, గడపలో కూర్చుని, జరిగిందంతా చెప్పింది. ఎవరిమీదా తొయ్యలేదు. "అవ్వా, నేను గీసిన పటమే మనకు అడ్డం వచ్చింది" అంది. నేను వెనకే నిలబడి ఉన్నాను. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా వచ్చారు. రావడమేముంది, ఎవరి గడపలో వాళ్లు నిలబడితే చాలు, మీటింగు అయిపోతుంది.

ఒకడు చెరువును కాలనీవాళ్లకే తిరిగి ఇచ్చేద్దాం అన్నాడు. ఇంకొకామె ఇస్తే బతుకమ్మ ఎక్కడ వెయ్యాలి అని లేచింది. గొడవ పెరిగింది. బక్కమ్మవ్వ కాలు పీటమీద పెట్టుకుని అందరి మాటలూ విన్నది.

"చెరువేం పాపం జేసిందిరా?" అంది చివరికి. "నీళ్లల్ల మనుషులుంటరా? లెక్కజేసెటోడు చెరువును జూసి గూడ దాంట్ల మనుషులుంటరని పరిచె. ఇయ్యాల నా కాలు కోసం చెరువును ఇడిస్తె, రేపు ఇంకోదాని కోసం ఇంకోటి ఇడుస్తరు. నా కాలు పోతె నాదొక్కదాన్ది పోతది. చెరువు పోతె అందర్ది పోతది. టీచరమ్మా, నువ్వు ఫికర్ జెయ్యకు. పటం మంచిగనె గీసినవ్."

స్నేహలత కళ్లు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను, పొయ్యి పొగ అని చెప్పుకున్నాను. ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి.

ఆ మాటతో మా తోటికోడలికి ఎక్కడిలేని పట్టుదల వచ్చింది. గీతలు మళ్లీ గీసేదాకా వార్డు మారదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. మారవలసింది లెక్క కట్టే తీరు. అది అడగడానికి ఆఫీసుకు బయల్దేరింది. తోడుగా నన్ను రమ్మంది.

"నేనెందుకే? నాకు కోపమొస్తె ఏమంటనో నాకే తెల్వదు."

"నువ్వు ఏమనకు అక్కా. ఊకె కూసో. నువ్వు పక్కన ఉంటె నాకు ధైర్నం."

నాతో ఎవరూ అలా చెప్పలేదు ఇంతవరకూ. మంచి చీర కట్టుకుని పోయాను.

ఆఫీసరు పేరు రమాకాంత్. మర్యాదస్తుడే. కుర్చీలు చూపించాడు. వెనక గోడమీద నగరం పటం నిలువెత్తున ఉంది. విషయం చెప్పగానే రెండు చేతులూ ఎత్తేశాడు.

"ఏం జెయ్యమంటరు మేడం? వార్డు జనాన్ని వార్డు విస్తీర్ణంతోటి భాగించాలె. రూలది. నేను రాసింది గాదు."

నేను నోరు తెరిచాను. స్నేహలత బల్ల కింద నా మోకాలు నొక్కింది. మూశాను.

ఆమె దవాఖాన మాటే వదిలేసింది. లేచి పటం దగ్గరికి పోయింది. బడిపిల్ల పరీక్షకు ముందు డౌటు అడిగినట్టు మొదలుపెట్టింది.

"సార్, పిల్లలకు నగరాల జనసాంద్రత పాఠం చెప్తాన. హైదరాబాద్ పక్కన మన వరంగల్‌ను పెడితె మనది మస్తు తక్కువ చూపెడ్తాంది. పిల్లలు నమ్ముతలేరు. చౌరస్తాల నిలబడ సందు లేదు, గింత తక్కువెట్ల టీచర్ అంటాండ్రు. నేనేం చెప్పాలె సార్?"

ఆ మనిషి ముఖం చూడాలి! పొయ్యిమీద పాలు పొంగినట్టు పొంగాడు. కుర్చీలోంచి లేచి తానూ పటం దగ్గరికి వచ్చాడు.

"గదే మేడం నా బాధ! ఇగో, గీత ఎక్కడిదాక పోయిందో చూడుండ్రి. చుట్టూత ఊర్లన్నీ కలిపిండ్రు. ఆ ఊర్ల పత్తి చేన్లు, వరి మడ్లు, గుట్టలు, కుంటలు, అన్నీ ఇప్పుడు నగరమే. గుట్టల మీద మనుషులుంటరా? ఆ జాగనంత కలిపి మన జనాన్ని పరిస్తె పల్సగ గాక ఏమైతది? హైదరాబాద్‌ల మీటింగుకు పోతె, మీకేం సార్, మీ ఊర్ల జాగ మస్తున్నది, మీకు ఇన్ని పైపులెందుకు, ఇన్ని బస్సులెందుకు అంటరు. ఒక్కసారి పొద్దుమీకి మన బజార్లకొచ్చి నడువుండ్రి అన్న నేను. మనం పల్సగ లేం, మన గీత దూరముంది."

"మరి వాళ్లకు ఏమని చెప్పిండ్రు సార్?"

"ఇండ్లున్న జాగనే లెక్కగట్టుండ్రి అన్న. చేన్లు, చెరువులు తీసేసి, మనుషులు ఎక్కడున్నరో అక్కడ లెక్కజేసి, అప్పుడు రెండు నగరాలను పోల్చుండ్రి అన్న. న్యాయమేనా మేడం?"

"నూటికి నూరుపాళ్లు న్యాయం సార్" అంది స్నేహలత.

ఆ మాట అని ఊరుకుంది. తన సంచిలోంచి మా వార్డు పటం తీసి, ఆ పెద్ద పటం మీద తుమ్మల చెరువు ఉన్నచోట ఆనించి పట్టుకుంది. ఒక చేత్తో చెరువును, పొలాన్ని కప్పింది. మిగిలిన చిన్న ముక్కలో గడ్డ కనబడుతోంది.

"మేం గూడ గదే అడుగుతానం సార్. హైదరాబాద్‌కు మీరు చెప్పిన మాటనే మీకు చెప్తానం."

రమాకాంత్ ఆ చేతివైపు చూశాడు, పెద్ద పటం వైపు చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని నవ్వాడు. ఓడిపోయిన నవ్వు కాదు. తనలాంటి బాధే పడుతున్న మనిషి ఇంకొకరు దొరికినప్పటి నవ్వు.

"చెయ్యి తీస్తె ఎంతొస్తది, పెడితె ఎంతొస్తది?"

"తీస్తె నాలుగు వేలు సార్. పెడితె పదహారు వేలు."

నాకు ఆ నిమిషంలో మా తోటికోడలిని చూస్తే ఒళ్లు పులకరించింది. నేనైతే బల్ల గుద్ది అరిచి, ఆ ఆఫీసరును శత్రువును చేసుకుని వచ్చేదాన్ని. ఆమె ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆయన మనసులో ఉన్న మాటనే బయటికి తీయించి, ఆయన పక్కనే నిలబడి అడిగింది. ఇన్నాళ్లూ నేను వెక్కిరించిన ఆ పోల్చే బుద్ధి ఎంత గొప్పదో అప్పుడు తెలిసింది. మా స్నేహలత మామూలు మనిషి కాదని ఆ ఆఫీసు వరండాలో నిలబడి కనబడిన ప్రతి అటెండరుతోనూ చెప్పాలనిపించింది. ఒకరితో చెప్పాను కూడా.

మాట మీద అన్నీ జరిగిపోతాయా? రమాకాంత్ స్వయంగా వచ్చి చూసి రాస్తానన్నాడు. వారం తర్వాత వచ్చాడు. ఆయన జీపు మా దుకాణం ముందే ఆగిపోయింది. నడిచి లోపలికి పోయాడు. రెండు సందులు దాటేలోపు నలుగురు మంచాలు జరిపారు, ఒకామె బట్టల తీగ పైకెత్తి పట్టుకుంది, ఇంకొకామె "జర వంగుండ్రి సార్, రేకు తగుల్తది" అంది. చెరువు కట్టమీద నిలబడి అటూ ఇటూ చూసి, నీళ్లవైపు చెయ్యి చూపించి "దీని మీద కూడ జనాన్ని పరిచినం మేం" అని తనలో తానే అనుకుంటూ తల ఊపాడు. ఇళ్లున్న జాగానే లెక్కకు తీసుకోవాలని పైకి రాశాడు. పైనుంచి ఒకసారి తిప్పి పంపారు. మళ్లీ రాశాడు. మంచివాడు, మాటమీద నిలబడ్డాడు.

ఈ రాతలు తిరుగుతుండగా బక్కమ్మవ్వ చిటికెన వేలు నల్లబడింది. మేమంతా వంతులు వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోతూనే ఉన్నాం, కానీ అప్పటికే ఆలస్యమైంది. వేలు తీసేశారు. పాదం నిలవాలంటే ఇకముందు ఒక్క కట్టు కూడా తప్పకూడదన్నారు. నేను మంచం పక్కన కూర్చుని ఏడిస్తే ఆమె నన్నే ఓదార్చింది. స్నేహలతను దగ్గరికి పిలిచింది.

"టీచరమ్మా, ఇగ నా కాలు మీద గూడ సాంద్రత తగ్గింది గదా?"

స్నేహలత నవ్వలేక, ఏడవలేక ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ ముసలిదాని గుండె ఎంతదో కొలిచే లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు.

వానలు మొదలయ్యాక పైవాళ్లు ఒప్పుకున్నారు, దవాఖాన గడ్డకే వచ్చింది. సున్నం కొట్టిన ఆ హాల్లోనే. డాక్టరు బల్ల బక్కమ్మవ్వ చూపించిన చోటే వేశారు, గాలి వస్తుందనే. నర్సు సౌమ్య చిన్నపిల్ల, హస్తవాసి మంచిది. మొదటిరోజు గడ్డంతా అక్కడే ఉంది. రోగం ఉన్నవాళ్లు, లేనివాళ్లు, ఊరికే బీపీ చూపించుకుందామని వచ్చినవాళ్లు. నేను మూడో రకం. వరండాలో నలుగురు పట్టే బల్ల ఒకటి వేశారు. బక్కమ్మవ్వ, నేను, స్నేహలత, పక్కింటి లావణ్య కూర్చున్నాం. మొదటి కట్టు బక్కమ్మవ్వకే అని అందరం అనుకున్నాం.

అప్పుడు చెరువు కట్టమీది నుంచి ఒకామె చేతికి తడిగుడ్డ చుట్టుకుని వచ్చింది. నూనె పడి చెయ్యి కాలిందట. పేరు సారలమ్మ. కాలనీలో ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య. కింద కార్లు పెట్టేచోట మెట్ల కింది గదిలో ఉంటారట. ఆ పదకొండు వేలల్లో ఆమె కూడా ఒకతె అని నాకప్పుడు తట్టలేదు.

"ఇది మా వార్డు దవాఖానమ్మా" అన్నాను. "మీది చెరువుకు అవతల. గీత అటు దిక్కున్నది. మేమెంత గోసపడి తెచ్చుకున్నమో ఎరుకేనా?"

ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తిరిగి పోవడానికి ఒక అడుగు వెనక్కి కూడా వేసింది.

బక్కమ్మవ్వ నా వైపు తిరిగింది. ఆ చూపుకు నేను తల దించుకున్నాను. ఆమె నన్నేమీ అనలేదు. కట్టు ఉన్న కాలును రెండు చేతులతో ఎత్తి దగ్గరికి తీసుకుని బల్లమీద కొసకు జరిగింది.

"రా బిడ్డా, కూసో. చెయ్యి మంటలేస్తాందా? నా కట్టుకు తొందరేం లేదు, ముందుగల నువ్వు పో" అంది. తర్వాత నా డొక్కలో మోచేత్తో పొడిచింది. "జర జరుగవే. పదహారు వేల మందిమి సర్దుకున్నం, ఒక్కదానికి జాగ లేదా?"

జరిగాను. లావణ్య జరిగింది. సారలమ్మ కూర్చుంది. ఆమె వెనకే ఇంకొకావిడ పిల్లనెత్తుకుని వస్తే ఆవిడ కూడా కూర్చుంది. స్నేహలత సగం బల్లమీద, సగం గాలిలో ఉంది. నావైపు వంగి చెవిలో గుసగుసగా అంది.

"సాంద్రత పెరిగిందక్కా."

"నోరు మూసుకోని జరుగు" అన్నాను నేను.